క్లాసురూములో మడత మంచం

రెండేళ్ల క్రితం ఎవరైనా మనోహరం మాస్టారి దగ్గరకెళ్లి, "సార్, మీరు ఒకరోజు క్లాసురూములో శిష్యుల మధ్య మంచం వేసుకుని గుర్రు పెడతారు" అని ఉంటే, ఆ అన్నవాడి వయసు కూడా చూడకుండా బెంచీ ఎక్కించేవారు. మస్కట్‌లో ఒక ఇండియన్ స్కూల్లో ఇరవై రెండేళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి ఆయన. ఆయన క్లాసులో అల్లరికి క్షమాపణ ఉండేది, హోంవర్కు ఎగ్గొడితే రెండో అవకాశం ఉండేది, నిద్రకు మాత్రం ఏదీ ఉండేది కాదు. చాక్‌పీసు గురిచూసి విసరడంలో ఆయనకు స్కూలంతా పేరు. అలాంటి మనిషి యాభై ఏడో ఏట, సహం అనే ఊరి దగ్గర చైనా వాళ్ల క్యాంపులో, మిట్టమధ్యాహ్నం, పదమూడు మంది ఫోర్మన్ల మధ్య దుప్పటి కప్పుకుని పడుకున్నారు. పడుకోవడమే కాదు, ఫొటోతో సహా దొరికిపోయారు.

స్కూలు వాళ్లు యాభై అయిదు నిండగానే శాలువా కప్పి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపేశారు. ఆ తర్వాత మస్కట్‌లోనే ఖురం అనే పేటలో ఉన్న ఒక ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆయనకు వీసా ఇచ్చి, ఒక చైనా కంపెనీకి పాఠాలు చెప్పమని సహం పంపింది. సముద్రం ఒడ్డున ఆ కంపెనీ ఏదో ఫ్యాక్టరీ కడుతోంది. సైట్ లోపల మనుషులతో పని చేయించాలంటే ప్రతి ఫోర్మనూ ఇంగ్లీషులో సేఫ్టీ ఇంటర్వ్యూ పాస్ కావాలి. ఒమానీ ఆఫీసరు ఎదురుగా కూర్చుని పది ప్రశ్నలు అడుగుతాడు. మంటలు లేస్తే ఏం చేస్తావు, పైనుంచి మనిషి పడితే ముందు ఎవరికి చెబుతావు, తాడు తెగిపోయేలా ఉందని ఎలా పోల్చుకుంటావు, ఇలాంటివి. ఆ పదమూడు మందికీ పని చేతుల్లో ఉంది గానీ మాట నోట్లో లేదు. అందుకని అందరినీ తాత్కాలిక పాసుల మీద నెట్టుకొస్తున్నారు.

మాస్టారి సంగతీ దాదాపు తాత్కాలిక పాసే. ఏడాది ఒప్పందం జూలై ఆఖరుకు అయిపోతుంది. దాన్ని పొడిగించకపోతే వీసా ఉండదు, వీసా లేకపోతే మూట సర్దుకుని చీరాల వెళ్లిపోవాలి. ఆయన భార్య బ్యూలా మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమె ఉద్యోగం వచ్చే మార్చి దాకా ఉంది. వాళ్లుండేది ఆ ఊళ్లోనే దార్సైట్‌లో, రెండు గదుల ఫ్లాట్. ఇరవై ఏడేళ్ల క్రితం ముందు ఆమె ఒక్కతే వచ్చింది, మూడేళ్లకు ఆయన వచ్చారు. "వచ్చేటప్పుడు తలో దారిన వచ్చాం, పోయేటప్పుడైనా ఒకే విమానంలో పోదామండీ" అని ఆమె ఎన్నాళ్ల నుంచో అంటోంది. ఆమె ఈ దేశంలో నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అందుకని మాస్టారికి కావలసింది మార్చి దాకా నిలబడటం. అంతకు మించి ఆయనకు ఏ ఆశా లేదు, ఆశ పడే ఓపికా లేదు.

ఆదివారం తెల్లవారకముందే దార్సైట్‌లో బయలుదేరి, గురువారం సాయంత్రం కంపెనీ బస్సులో తిరిగి వచ్చేవారు. మధ్యలో నాలుగు రాత్రులు క్యాంపులో, రేకు గోడల గదిలో. రెండు వందల మంది చైనా వాళ్ల మధ్య పరాయివాడు ఆయనొక్కరే. వేసవిలో తెల్లవారుజామున మూడున్నరకే మైకులో ఒక ఆడగొంతు హుషారుగా ఏదో పాడి అందరినీ లేపుతుంది. ఆ హుషారంటే మాస్టారికి ఒళ్లుమంట. పొద్దున్నే క్యాంటీన్‌లో పలచటి గంజి, ఆవిరి మీద ఉడికిన తెల్లటి బన్ను. గంజి చూస్తే ఆయనకు తెలియకుండానే నుదురు తడుముకునేవారు, ఎందుకంటే వాళ్లింట్లో జ్వరం వచ్చినవాడికి తప్ప గంజి పెట్టేవాళ్లు కాదు. ఆ మండుటెండలో కూడా అందరూ ఫ్లాస్కుల్లో వేడినీళ్లు తాగేవాళ్లు. ఈయన ఫ్రిజ్‌లోంచి చల్లటి సీసా తీస్తే రోగిని చూసినట్టు జాలిగా చూసేవాళ్లు.

మనుషులు మంచివాళ్లే, అబద్ధం ఆడకూడదు. ఆయన్ని 'లావోషీ' అనేవాళ్లు, అంటే వాళ్ల భాషలో మాస్టారు. భోజనాల దగ్గర తమ పళ్లెంలో మంచి ముక్క తీసి ఆయన గిన్నెలో వేసేవాళ్లు. కానీ మాటలన్నీ ఆయన నెత్తి మీదుగా పోయేవి. బల్ల చుట్టూ అందరూ ఒక్కసారి పగలబడి నవ్వితే ఈయనా నవ్వేవారు, ఒక క్షణం ఆలస్యంగా. రోజంతా అలా అర్థం కాకుండా నవ్వీ నవ్వీ సాయంత్రానికి దవడలు నొప్పెట్టేవి. గదికి వచ్చి తలుపు వేసుకుని, ఎవరికీ కనపడకుండా ముఖం మాడ్చుకుని కూర్చుంటే అప్పుడు కాస్త హాయిగా ఉండేది.

ఆ పదమూడు మందిలో పెద్దవాడు గువో. పైకెక్కి పని చేయడానికి పైపులతో సారవలు కట్టే ముఠాకు ఫోర్మన్. వయసు యాభై నాలుగు. ఏసీలు కార్చే నీళ్లు బకెట్లలో పట్టి, తన గది వెనక ఇసుకలో ఆకుకూరలు, ఉల్లికాడలు పెంచేవాడు. ఒకసారి మాస్టారు ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడిని బన్నులో పెట్టుకుని తిని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ మళ్లీ గిన్నె చాపాడు. అప్పటి నుంచి బ్యూలా ప్రతి ఆదివారం రెండు సీసాలు కట్టేది. ఇంటర్వ్యూలో మాత్రం గువో రెండుసార్లు తప్పాడు. ఇంగ్లీషు మాట అతని పెదాల దాకా వచ్చి అక్కడే కూలబడేది.

జూన్‌లో అసలు కథ మొదలైంది. ఈ దేశంలో వేసవి మూడు నెలలూ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని చేయించకూడదు. అంతవరకు రాత్రి ఏడింటికి జరిగే క్లాసును ఆ ఖాళీలోకి మార్చారు. పన్నెండున్నర నుంచి రెండు దాకా, తొంభై నిమిషాలు, ఆ తర్వాత షెడ్ల నీడలో చేసే పనులు. కాగితం మీద చూస్తే ఎవరికైనా బాగుందనిపిస్తుంది.

క్యాంపులో ఉన్నవాళ్లకే తెలుసు అందులో మెలిక. పదకొండున్నరకు భోజనం. పన్నెండింటి నుంచి ఒంటిగంట దాకా క్యాంపంతా మాటు మణిగిపోతుంది. ఆ నిద్రను వాళ్లు బద్ధకం అనుకోరు, భోజనం లాగా అదీ పనిలో భాగమే. ఆఫీసులో లైట్లు ఆర్పేస్తారు. ప్రతివాడి బల్ల కిందా ఒక మడత మంచం ఉంటుంది. మేనేజర్ షెన్ అనే ఆవిడ, యాభై ఏళ్ల మనిషి, కత్తిరించిన జుట్టు, నవ్వని ముఖం, ఆవిడ కూడా తన బల్ల పక్కనే మంచం విప్పుకుని పడుకుంటుంది. వంటవాడు చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తాడు. ఎక్కడైనా ఫోన్ మోగితే దాని యజమాని దొంగలా బయటికి పరిగెడతాడు. నిద్రపోతున్నవాణ్ణి లేపాలంటే నిప్పన్నా అంటుకోవాలి, చైనా నుంచి పెద్దాయనన్నా రావాలి.

ఆ నిద్రలో సగం కోసేసి మాస్టారి క్లాసు పెట్టారు. తెల్లవారుజామున నాలుగింటికి పైపులెక్కినవాళ్లు, అన్నం తిని, అరగంట కళ్లు మూసి, వెంటనే లేచి వచ్చి బెంచీల్లో కూర్చునేవాళ్లు. కళ్లు తెరిచే ఉండేవి గానీ లోపల ఎవరూ ఉండేవాళ్లు కాదు. "ఫైర్ ఎగ్జిట్" అనమంటే పదమూడు గొంతులు "ఫైర్ ఎగ్జిట్" అనేవి. ఎక్కడుందో చూపించమంటే పదమూడు వేళ్లు పదమూడు దిక్కులు చూపించేవి. మాస్టారు పాతికసార్లు గొంతు పెంచారు. పాతికసార్లూ తన గొంతు తనకే అరిగిపోయిన క్యాసెట్‌లా వినిపించింది. ఆయనా మూడున్నరకు లేచినవాడే కదా. ఒకరోజు బోర్డు మీద రాస్తూ రాస్తూ అక్షరం మధ్యలో కునికితే, సుద్ద గీత బోర్డు చివరి దాకా జారిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ నవ్వలేదు. అందరూ ఆ గీతను నోట్సులో శ్రద్ధగా దించుకుంటున్నారు.

ఆ రాత్రి ఆయనకు సానియా గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల, ఏళ్ల క్రితం నాటి మాట. రోజూ మొదటి పీరియడ్‌లో తల వాల్చేసేది. టర్మ్ అంతా ఆమెను గోడ పక్కన నిలబెట్టి పాఠం చెప్పారు. వాళ్ల నాన్న పని మారి ఆ పిల్ల స్కూలు వదిలి వెళ్లాక తెలిసింది, బస్సులో మొదటి స్టాపు ఆమెదేనని, నాలుగింటికి లేచి అయిదింటికి ఎక్కేదని. "అయ్యో" అనుకుని అప్పుడు ఊరుకున్నారు. ఇప్పుడు మాత్రం ఊరుకోలేకపోయారు. సిగ్గేసింది. ఆ పిల్ల ఎక్కడుందో తెలిస్తే ఫోన్ చేసి క్షమించమని అడిగేవారు.

మర్నాడు గువో క్లాసుకు వస్తూ చంకలో ఒక మడత మంచం తెచ్చాడు. బోర్డు కింద విప్పి, కాళ్లు సరిగా ఆనాయో లేదో చేత్తో నొక్కి చూసి, దాని మీద చిన్న దిండు పెట్టాడు.

"లావోషీ. నిద్ర. తర్వాత ఇంగ్లీషు" అన్నాడు.

మాస్టారు చేతులు అడ్డంగా ఊపారు. "నో, నో. క్లాస్" అన్నారు. శిష్యుల ముందు కాళ్లు చాపుకుని పడుకోవడమా! గువో వాదించలేదు. మంచం అక్కడే వదిలేసి వెళ్లి తన బెంచీలో కూర్చున్నాడు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాలుగో రోజు మంచం మీద దుప్పటి కూడా వచ్చింది. అయిదో రోజు మాస్టారు కుర్చీలో కూర్చుని బల్ల మీద తల వాల్చారు, ఒక్క నిమిషమే అనుకుంటూ. కళ్లు తెరిచేసరికి లైట్లు ఆర్పి ఉన్నాయి. పదమూడు తలలూ బెంచీల మీద వాలి ఉన్నాయి. గడియారం ఒంటిగంట చూపిస్తోంది.

ఆ రోజు మిగిలిన గంటలో ఆయన చెప్పినంత పాఠం ఆ నెల మొత్తంలో చెప్పలేదు. వాళ్లు నేర్చుకున్నంతా నేర్చుకోలేదు. మంటలకు నీళ్లెప్పుడు పోయకూడదో ఒకడు మొత్తం వాక్యంలో చెప్పాడు. ఇంకొకడు అందులో తప్పు పట్టుకున్నాడు. వాళ్లలో వాళ్లు ఇంగ్లీషులో పోట్లాడుకోవడం మాస్టారు అదే మొదటిసారి వినడం. ప్రాణం లేచొచ్చింది. మర్నాటి నుంచి అదే పద్ధతి, పన్నెండున్నరకు లైట్లు ఆర్పడం, ఒంటిగంటకు పాఠం. వారానికల్లా మాస్టారు మంచం ఎక్కారు.

ఒక్క ముల్లు మాత్రం ఉండిపోయింది. ఇన్‌స్టిట్యూట్ హాజరు పత్రంలో రోజూ "పన్నెండున్నర నుంచి రెండు, క్లాసు" అని రాసి సంతకం పెట్టాలి. తొంభై నిమిషాలని రాస్తున్నారు, అరవై చెబుతున్నారు. ఆయన ఆదివారపు బడిలో పిల్లలకు నిజం చెప్పాలని నేర్పినవాడు. సంతకం పెట్టే చెయ్యి రోజూ కాస్త ఆగేది, ఆగి, పెట్టేసేది.

జూలై రెండో వారం, సోమవారం. చెప్పాపెట్టకుండా చైతన్యకృష్ణ వచ్చాడు. ఇన్‌స్టిట్యూట్ తరఫున క్లాసులు తనిఖీ చేసే కుర్రాడు, హైదరాబాద్ వాడు. రెండున్నర గంటలు కారు నడుపుకుని, ఎండలో మాడి, పన్నెండు ముప్పావుకు క్లాసురూము తలుపు తోశాడు. లోపల చీకటి, పదమూడు గురకలు, బోర్డు కింద పద్నాలుగోది. వాడు ముందు బిత్తరపోయాడు. తర్వాత ఫోన్ తీశాడు. ఫ్లాష్ వెలిగేసరికి గువో లేచాడు. పెదాల మీద వేలు పెట్టి, ఇంకో చేత్తో చైతన్య భుజం పట్టుకుని మెల్లగా బయటికి నెట్టి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు. అంత మర్యాదగా తనను గెంటేసినవాణ్ణి చైతన్య ఇంతవరకు చూడలేదు.

మాస్టారు చొక్కా సర్దుకుంటూ బయటికి వచ్చారు. ముఖం మీద దిండు గీతలు ఇంకా ఉన్నాయి.

"ఇదేంది సార్? పోరగాళ్లు పండుకున్నరంటే అనుకోవచ్చు, మీరు గూడనా?"

"వీళ్లు నాలుగింటికి ఎక్కుతారయ్యా పైకి. ఒక అరగంట..."

"రోజూ ఇంతేనా సార్?"

తప్పించుకోవడానికి ఒక మాట దొరక్కపోదు. "ఇవాళే" అంటే సరిపోయేది.

"రోజూ ఇంతే" అన్నారు.

చైతన్య నుదుటి చెమట తుడుచుకున్నాడు. వాడు చెడ్డవాడు కాదు, కిందివాడు. "నేను రిపోర్ట్ రాయకపోతే నన్ను అడుగుతరు సార్. గురువారం మీ రెన్యువల్ మీటింగ్ ఉంది కద, మేడమ్‌కి నేనే చెప్పాలె. ఏమనుకోకండ్రి" అని, మంచినీళ్లు కూడా తాగకుండా కారెక్కాడు.

ఆ మూడు రోజులూ మాస్టారికి అన్నం సయించలేదు. మంగళవారం సాయంత్రం బ్యూలా డ్యూటీకి వెళ్లే ముందు ఫోన్ చేసి జరిగింది చెప్పారు. ఆమె ముందు నవ్వింది. నవ్వు ఆపుకోలేక దగ్గింది.

"మీరా? పగటి పూటా?" అంది.

ఆ నవ్వులో ఏముందో ఆయనకు తెలుసు. ఆమెవి ఎక్కువగా రాత్రి డ్యూటీలు. స్కూలు రోజుల్లో ఈయన పొద్దున వెళ్లాక ఆమె ఇల్లు చేరేది. ఈయన మధ్యాహ్నం వచ్చేసరికి కర్టెన్లు వేసుకుని పడుకుని ఉండేది. డ్యూటీ మార్చుకునే బస్సు కండక్టర్ల మాదిరిగా కాపురం చేశారు. ఈయన వచ్చీ రాగానే లైటు వేసేవారు, గిన్నెలు తీసేవారు, టీవీ పెట్టేవారు. "ఇంత పగలు పడకేమిటి, లే" అనేవారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. పగలు పడుకోవడం ఆయన కంటికి నిద్రలా కనిపించేది కాదు, అంతే. ఆమె లేచేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నవ్వు అయ్యాక ఆమె గొంతు తగ్గించింది.

"మరి మార్చి సంగతి ఏమవుద్దండీ?" అంది.

"తెలీదు బ్యూలా."

"ప్రార్థన చేస్తాను. మీరు తిన్నారా?"

తిన్నానని అబద్ధం చెప్పారు. ఆ నెలలో ఆయన అబద్ధాల లెక్కలో అదొకటి.

గురువారం పొద్దున తొమ్మిదింటికి మేనేజర్ షెన్ గదిలో మీటింగు. మూడు గ్లాసుల్లో వేడినీళ్లు. చైతన్య కంప్యూటర్ తెరిచి, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా, మాస్టారి ఇరవై రెండేళ్ల అనుభవాన్ని ముందు పొగిడాడు. పొగడ్త మొదలవగానే మాస్టారికి అర్థమైపోయింది, మనిషిని పంపించే ముందు కప్పే శాలువా ఇలాగే మొదలవుతుందని. తర్వాత చైతన్య ఫోన్ తీసి ఫొటో ఆవిడ ముందు పెట్టాడు. ఇంకొక టీచర్ని, వయసులో ఉన్నవాణ్ణి, ఆగస్టు ఒకటి నుంచి పంపగలమన్నాడు.

షెన్ ఫొటోను పెద్దది చేసి చూసింది. ఒక్కొక్క తలనూ లెక్కపెడుతున్నట్టు వేలితో జరుపుతూ చూసింది.

మాస్టారు కూర్చోలేకపోయారు. లేచి నిలబడ్డారు. "మేడమ్, నాది ఇంకో తప్పు ఉంది. హాజరు పత్రంలో తొంభై నిమిషాలని సంతకం పెట్టాను. నేను చెప్పింది అరవై. నెల రోజులుగా అబద్ధం రాశాను" అన్నారు. చైతన్య ఆయన వంక చూసి, వద్దన్నట్టు చిన్నగా తల ఊపాడు. ఆ సంగతి వాడి రిపోర్టులో లేదు మరి.

షెన్ ఆయన్ని కూర్చోమని సైగ చేసి చైతన్య వైపు తిరిగింది.

"ఈ ఫొటో ఫ్లాష్‌తో తీశారా?"

"అవును మేడమ్, లోపల చీకటిగా ఉండె..."

"నిద్రపోతున్న మనుషుల మీద లైటు వేశారు."

చైతన్య ఫోన్ వెనక్కి లాక్కున్నాడు. నేరం ఎవరిదో తారుమారైనట్టు వాడికి అప్పుడే అనుమానం వచ్చింది. వాడు నిద్రను పట్టి ఇచ్చాననుకున్నాడు. ఆవిడ కంటికి మాత్రం నిద్ర చెడగొట్టినవాడే కనిపిస్తున్నాడు.

"మేం గంట క్లాసు అడిగాం. మీ ఇన్‌స్టిట్యూట్ తొంభై నిమిషాలకు తక్కువ కుదరదంది. అందుకని నా మనుషుల విశ్రాంతిలో అరగంట నేను తీసేసుకున్నాను. తప్పని తెలిసే తీసుకున్నాను. ఈయన దాన్ని వాళ్లకు తిరిగి ఇచ్చాడు." ఆవిడ ఒక కాగితం ముందుకు జరిపింది. "జూన్ ముందు ఇద్దరు పాసయ్యారు. మొన్నటికి తొమ్మిది మంది. పాసయినవాళ్లకూ సైట్‌లో రోజూ ఇంగ్లీషు కావాలి, అందుకే వాళ్లూ క్లాసు మానలేదు."

"కానీ మేడమ్, టీచరే పడుకుంటే..."

"నా ఫోర్మన్లు నా ముందు కళ్లు మూయరు. నేను గదిలోకి వస్తే కునికేవాడు కూడా లేచి కూర్చుంటాడు. కొత్త మనిషి ముందైతే అసలు పడుకోరు. ఈయన ముందు పదమూడు మందీ నిద్రపోయారు. మీరు పంపే టీచర్ దగ్గర పడుకోవడానికి వాళ్లకు ఇంకో ఏడాది పడుతుంది. నా దగ్గర ఏడాది లేదు."

మాస్టారు వేడినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగారు. ఏడాదిగా అందరూ ఎందుకు తాగుతున్నారో ఆ క్షణంలో ఆయనకు తెలిసింది. గొంతులో అడ్డుపడిందేదో కిందికి దిగింది.

ఒప్పందం మార్చి ముప్పై ఒకటి దాకా రాశారు. అప్పటికి ఫ్యాక్టరీ పనీ అయిపోతుంది. "అరగంట విశ్రాంతి, గంట క్లాసు" అని కాగితంలోనే వేయించింది షెన్. పాత హాజరు పత్రాలు సరిచేసి మళ్లీ సంతకం పెట్టమని మాస్టారికి చెప్పింది, ఆ చెప్పడంలో ఏ దయా లేదు. సంతకం చేసే చెయ్యి ఈసారి ఆగలేదు. బయట గువో తన ఆకుకూరల దగ్గర బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పాస్ కాని నలుగురిలో అతనొకడు, వచ్చే వారం మూడోసారి వెళ్లాలి. "లావోషీ?" అని అడిగాడు. మాస్టారు ఎనిమిది వేళ్లు చూపించి "మంత్స్" అన్నారు. గువో తలాడించి, ఒక కట్ట ఉల్లికాడలు పీకి ఆయన చేతిలో పెట్టాడు.

సాయంత్రం బస్సు దిగి దార్సైట్ చేరేసరికి బ్యూలా డ్యూటీకి వెళ్లిపోయింది. ఫోన్ చేయాలనిపించింది గానీ ఈ మాట ముఖం చూస్తూ చెప్పాలని ఆపుకున్నారు. రాత్రంతా ఆ వార్తను పక్కన పెట్టుకుని దొర్లారు. శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు తాళం తిరిగింది. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషి, కాళ్లీడ్చుకుంటూ లోపలికి వచ్చి, షూ విప్పుకోవడానికి మంచం అంచున కూర్చుంది.

"బ్యూలా, నిన్న..." అని మొదలుపెట్టారు.

ఆమె వినలేదు. ఒక షూ చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయింది. మాస్టారు నోరు తెరిచినవారు అలాగే ఉండిపోయారు. ఇన్నేళ్లలో ఆమె నిద్రపోతుండగా ఆయన ఆమెను చూసింది ఎన్నిసార్లో. చూసింది లేపడానికే. ఇప్పుడు కూర్చుని చూశారు. నోరు కొంచెం తెరిచి ఉంది, మెడ మీద ఆసుపత్రి కార్డు తాడు గీత పడి ఉంది. ఈ మనిషి ఇంత అలిసిపోయి ఉందని తనకు ఇంతవరకు తెలియదు. తెలియలేదని ఆయనకు చాలా బాధ కలిగింది.

రెండో షూ తీశారు. కర్టెన్లు వేశారు. కుక్కర్ పెట్టబోయి ఆగారు. చెప్పులు చేత్తో పట్టుకుని హాల్లోకి నడిచారు.

పన్నెండున్నరకు ఎవరో తలుపు తట్టారు. ఈ దేశంలో సెలవు శుక్రవారం గనుక చర్చి ఆరాధన కూడా ఆ రోజే. అది అయ్యాక ప్రేమ్ సాగర్, వాళ్ల సంఘంలో మనిషి, ఏదో ప్రార్థన కూటానికి పిలవడానికి వచ్చాడు. "వందనాలు బ్రదర్! సిస్టరేరీ?" అని అలవాటైన పెద్ద గొంతుతో మొదలుపెట్టాడు. మాస్టారు పెదాల మీద వేలు పెట్టారు. ఇంకో చేత్తో అతని భుజం పట్టుకుని మెల్లగా బయటికి నడిపించి, వెనక తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు లాగారు.

"పడుకుంది" అన్నారు గుసగుసగా.

"ఇంత పగలా?" అన్నాడు ప్రేమ్ సాగర్.

"రాత్రంతా డ్యూటీ చేసింది" అన్నారు మాస్టారు, కాస్త కోపంగానే.

మూడింటికి బ్యూలా కళ్లు తెరిచింది. గది చీకటిగా, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేసరికి కంగారుపడి లేచి కూర్చుంది. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని మాస్టారు కూర్చుని ఉన్నారు.

"ఏమైందండీ? ఏమన్నారు వాళ్లు?"

"మార్చి ఆఖరు దాకా ఇచ్చారు."

ఆమె రెండు చేతులూ ముఖానికి పెట్టుకుంది. కాసేపటికి తీసి, "నిన్ననే తెలిసిందా? పొద్దున లేపి చెప్పొచ్చు కదా, ఇంత మంచి మాట" అంది.

"నిద్రపోతున్నావుగా" అన్నారు.

బ్యూలా ఆయన్ని చాలాసేపు చూసింది. ఆమెకు ఏడుపొచ్చింది. మార్చి మాటకు కాదు. ఏడుస్తూనే అడిగింది, "మీరు పడుకున్నారా?"

"లేదు."

"రండి" అని గోడ వైపు జరిగింది.

నాలుగింటికి ఎవరో మళ్లీ తలుపు తట్టారు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.